సింకు రోగం వేరు, స్నానాలగది తూము రోగం వేరు

ఒకప్పుడు బియ్యం కడుగు, గంజి, మిగిలిన మెతుకులు, కూరగాయల తొక్కలు అన్నీ పెరట్లో కుడితి తొట్టిలోకి వెళ్లేవి. అంట్లు బూడిదతో, కొబ్బరి పీచుతో బయటే తోమేవారు. ఆ నీళ్లు అరటి పాదులోకి పారేవి. ఇప్పుడు గేదె లేదు, పెరడు లేదు. కుడితి మాత్రం రోజూ తయారవుతూనే ఉంది. అదంతా సింకు కింద రెండు వేళ్ల లావుండే ప్లాస్టిక్ గొట్టంలోకి పోతోంది.

ఆ గొట్టం మూసుకుపోయిన రోజున చాలా ఇళ్లలో చేసే పని ఒకటే. కిరాణా కొట్టు నుంచి ఏదో ఒక పొడి ప్యాకెట్టో, బాత్‌రూమ్ యాసిడ్ సీసానో తెచ్చి గుమ్మరిస్తారు. ఒక్కోసారి పనిచేస్తుంది, చాలాసార్లు చేయదు. దానికి మందు నాసిరకమని తిట్టుకుని లాభం లేదు. వంటింట్లో పేరుకునేది జిడ్డు, పిండి. స్నానాలగదిలో జుట్టు, సబ్బు తెట్టు. వాషింగ్ మెషీన్ దగ్గర బట్టల నూగు. బాల్కనీలో మట్టి, ముగ్గుపిండి. సున్నపు పొరను కరిగించే యాసిడ్ జిడ్డును ముట్టుకోదు. జిడ్డును కదిలించే వేడినీళ్లు జుట్టును ఏమీ చేయలేవు. మట్టిని ఏ సీసాలో మందూ కరిగించదు, చేత్తో తీయాల్సిందే. అందుకే ముందు ఏ తూములో ఏం చేరుతోందో చూసుకోవాలి.

వంపులో నిలిచే నీళ్లు

సింకు కిందో, వాష్‌బేసిన్ కిందో చూస్తే గొట్టం నేరుగా కిందికి దిగదు. కప్పు ఆకారంలో ఒక బాటిల్ ట్రాప్ గానీ, వంపు తిరిగిన పీ-ట్రాప్ గానీ ఉంటుంది. స్నానాలగది నేలలో జాలి కింద ఉండేది నహానీ ట్రాప్, మేస్త్రీల నోట్లో అది నానీ ట్రాప్. వీటన్నిటి పనీ ఒకటే: దాదాపు 50 మిల్లీమీటర్ల లోతు నీటిని ఎప్పుడూ తమలో నిలిపి ఉంచడం. డ్రైనేజీ వైపు నుంచి వచ్చే గాలిని, బొద్దింకల్ని ఆ నీటి అడ్డుగోడ ఆపుతుంది.

నీరు నిలిచే చోటే మడ్డి కూడా దిగుతుంది. అంటే ట్రాప్ ఇంటికి కాపలాదారూ, చెత్తబుట్టా కూడా. ఇంట్లో కనిపించే అడ్డంకుల్లో చాలావరకు ఇక్కడే ఉంటాయి, చేతికి అందేంత దూరంలో. గోడ పగలగొట్టాలేమోనని కంగారు పడేముందు దీన్ని విప్పి చూడాలి.

ఒక చిక్కుంది. మన ఇళ్లలో చాలా సింకులకు బాటిల్ ట్రాప్ ఉండదు. ముడతలు ముడతలుగా సాగే తెల్లటి వేస్ట్ పైపు ఒకటి సింకు నుంచి నేరుగా నేలలోని రంధ్రంలోకి వెళుతుంది. చవక, బిగించడం తేలిక. కానీ ప్రతి ముడతా జిడ్డు కూర్చోవడానికి ఒక అరుగు. పైగా పొడవెక్కువై సంచిలా కిందికి వేలాడితే అక్కడ నీళ్లు నిలిచి, ఏడాది తిరిగేసరికి లోపలి దారి సగానికి తగ్గిపోతుంది. అలాంటి పైపును శుభ్రం చేయడానికి తంటాలు పడేకంటే మార్చేయడం మేలు. లోపల నునుపుగా ఉండే 40 మిల్లీమీటర్ల పీవీసీ గొట్టం, ఒక బాటిల్ ట్రాప్ పెట్టించుకుంటే రోగంలో సగం పోయినట్టే.

వంటింటి జిడ్డు

నెయ్యి, వనస్పతి, పామాయిల్ వేడిగా ఉన్నప్పుడు నీళ్లలా జారతాయి. గొట్టంలోకి దిగి చల్లబడగానే గోడకు పట్టేస్తాయి. పొద్దుతిరుగుడు నూనె గడ్డకట్టదు కదా అనుకుంటాం. నిజమే, కానీ మాడిన, పాతబడిన నూనెలో కొవ్వు ఆమ్లాలు విడివడి ఉంటాయి. బోరు నీళ్లలోని కాల్షియంతో కలిస్తే అవి సబ్బులాంటి గట్టి పొరగా మారతాయి. ఊరి మొత్తం డ్రైనేజీలో ఇదే జరిగితే ఎలా ఉంటుందో 2017లో లండన్‌లోని వైట్‌చాపెల్ దగ్గర బయటపడింది. కొవ్వు, తడి తుడుపుగుడ్డలు (వెట్ వైప్స్) కలిసి 250 మీటర్ల పొడవున, 130 టన్నుల బరువుతో నేలకింద కాలువను మూసేశాయి.

జిడ్డు ఒక్కటే అయితే సర్దుకుపోవచ్చు. దానికి తోడు పిండి చేరుతుంది. గంజి చల్లారితే ఎలా గడ్డకడుతుందో తెలిసిందే, గొట్టంలోనూ అంతే. మినప్పప్పు పడిన దోసెల పిండికి జిగురెక్కువ, గిన్నె కడిగిన నీళ్లు గోడకు పూత పూసినట్టు అంటుకుంటాయి. ఇక అంట్లు తోమే పొడి. సబీనా లాంటి పొడుల్లో ఉండేది గీకడానికి పనికొచ్చే సన్నటి ఖనిజపు పొడి. నీళ్లలో కరగదు, అడుగుకు దిగుతుంది.

ఆరు నెలలుగా తెరవని బాటిల్ ట్రాప్‌ను విప్పితే ఈ కథంతా పొరలు పొరలుగా కనిపిస్తుంది. అడుగున తోముడు పొడి బూడిదరంగు బురద. దాని మీద ఆవగింజలు, కరివేపాకు ఈనెలు, టీపొడి, స్టీలు పీచు తునకలు. ఆ పైన పసుపు కలిసిన తెల్లటి జిడ్డు, వేలితో నొక్కితే వెన్నలా దిగుతుంది. ఆవగింజ జాలి రంధ్రాల్లోంచి తేలిగ్గా జారిపోతుంది. స్టీలు పీచు మాత్రం అడ్డంపడి వలలా మిగతావన్నీ పట్టుకుంటుంది.

విప్పడం కష్టమేమీ కాదు. కింద ఒక బకెట్ పెట్టి, కప్పును చేత్తో ఎడమవైపుకు తిప్పాలి. రెంచీ వేస్తే ప్లాస్టిక్ మర పగులుతుంది. చెయ్యి జారుతుంటే తడిగుడ్డ చుట్టి తిప్పాలి. కప్పులోని మడ్డిని సింకులో కాకుండా చెత్తలో వేయాలి (నవ్వకండి, చాలామంది సింకులోనే వంచుతారు, అక్కడ కప్పు లేదన్న సంగతి పాదాలు తడిశాక గుర్తొస్తుంది). పాత టూత్‌బ్రష్‌తో లోపలి గొట్టాన్ని, పక్కకు పోయే దారిని రుద్దాలి. రబ్బరు వాషర్ చీలిందేమో, గట్టిపడిందేమో చూసి, సరిగ్గా గాడిలో కూర్చోబెట్టి చేత్తోనే బిగించాలి. ఇక్కడ టెఫ్లాన్ టేపు అవసరం లేదు, నీటిని ఆపేది వాషరే. బిగించాక సింకు నిండా నీళ్లు వదిలి, కీళ్ల కింద ఎండు న్యూస్‌పేపర్ ముక్క పెట్టి చూస్తే చుక్క కారినా మచ్చ తెలుస్తుంది. రెండు మూడు నెలలకోసారి ఈ పని చేస్తే చాలు.

వారానికోసారి చేయాల్సింది ఇంకా తేలిక. సింకు తూముకు బిరడా పెట్టి, పది లీటర్ల దాకా నీళ్లు నింపి ఒక్కసారిగా బిరడా లాగాలి. కుళాయి నుంచి సన్నగా పారే నీరు గొట్టం అడుగునే తడుపుతూ పోతుంది, పైగోడకున్న జిడ్డును తాకదు. సింకు నిండా ఉన్న నీరు గొట్టమంతా నిండి దిగుతూ గోడల్ని రాసుకుంటూ పోతుంది. అప్పుడే శుభ్రం చేసిన గొట్టంలో ఆ పది లీటర్లు దిగడానికి ఎన్ని సెకన్లు పడుతోందో ఒకసారి ఫోన్‌లో కొలిచి, సింకు కింది అల్మారా తలుపు లోపల పెన్సిల్‌తో రాసి పెట్టుకోండి. ఆ లెక్క ఒకటిన్నర రెట్లయిందంటే ట్రాప్ విప్పే వేళయిందన్నమాట. నీళ్లు నిలిచిపోయేదాకా ఆగక్కర్లేదు.

నెలకోసారి జిడ్డు వదలడానికి వేడినీళ్లు, బట్టల సోడా (సోడియం కార్బొనేట్). మరిగే నీళ్లు మాత్రం వద్దు. పీవీసీ 80 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, అంతకుముందే కీళ్లు వదులవుతాయి. మరిగిన నీళ్లు ఒక వంతు, కుళాయి నీళ్లు ఒక వంతు కలిపితే సుమారు 60 డిగ్రీలు వస్తుంది. నెయ్యి కరగడానికి అది చాలు. అలాంటి నీళ్లు రెండు లీటర్లలో 100 గ్రాముల బట్టల సోడా కరిగించి మెల్లగా పోసి, పదిహేను నిమిషాలాగి, పైన చెప్పినట్టు సింకు నింపి వదలాలి. అన్నం వార్చే అలవాటున్నవాళ్లు సలసల కాగే గంజిని నేరుగా సింకులోకి వంపకూడదనేది కూడా ఇందుకే. ఆ గంజి గొట్టాన్ని మెత్తబరిచి, చల్లారాక లోపల పూత కూడా పూస్తుంది.

వీటన్నిటికంటే ముందు అసలు సింకులోకి ఏం వెళ్లకుండా ఆపగలమో అది ఆపాలి. మూకుడును, పచ్చడి గిన్నెను కడిగేముందు పాత న్యూస్‌పేపర్ ముక్కతో తుడిస్తే నూనెలో చాలా భాగం కాగితానికే పోతుంది. పిండి గిన్నెలో గ్లాసెడు నీళ్లు తిప్పి మొక్కకు పోయవచ్చు. జాలి రంధ్రాలు పెద్దవైతే దాని మీద సన్న రంధ్రాల స్టీలు జాలి ఇంకోటి పెట్టుకోవచ్చు.

జుట్టు, సున్నిపిండి, బోర్లించిన గిన్నె

స్నానాలగదిలో ప్రధాన దోషి జుట్టే గానీ ఒంటరిగా కాదు. బోరు నీళ్లు గట్టినీళ్లు. సబ్బు వాటితో కలిసి నురగకు బదులు తెల్లటి తెట్టు కడుతుంది. ఆ తెట్టే వెంట్రుకల్ని ఉండలుగా అతికిస్తుంది. భోగి, దీపావళి తలంట్లలోనూ, పసిపిల్లల స్నానాల్లోనూ సున్నిపిండి, నువ్వులనూనె, కుంకుడుకాయల పిప్పి కూడా వచ్చి చేరతాయి. సున్నిపిండి అంటే పిండే. నూనెతో తడిసి జుట్టు ఉండలో ఇరుక్కుంటే మట్టిగోడకు గడ్డి కలిపినంత గట్టిగా పట్టుకుంటుంది. పండగ మర్నాడు స్నానాలగదిలో నీళ్లు నిలిచాయంటే కారణం వెతకక్కర్లేదు. కుంకుడు రసాన్ని ముందే గుడ్డలో వడగట్టి, పిప్పిని బయట పారేయడం తలంటుకు ముందు చేసే రెండు నిమిషాల పని.

నేలలోని నహానీ ట్రాప్‌కు జాలి తీస్తే, చాలా రకాల్లో లోపల బోర్లించిన గిన్నె లాంటిది ఒకటి ఉంటుంది. నీటి అడ్డుగోడను నిలబెట్టేది అదే. గిన్నె అంచు నీళ్లలో మునిగి ఉండటం వల్ల వాసన పైకి రాదు. కానీ జుట్టు చుట్టుకునేది కూడా ఆ గిన్నెకే. నీళ్లు మెల్లగా దిగుతున్నాయని చాలామంది దాన్ని తీసి అవతల పారేస్తారు. మరుక్షణం నీళ్లు జోరుగా పోతాయి. వారం తిరక్కుండా కంపు, రాత్రిళ్లు బొద్దింకలు. ఆ తర్వాత ఫినాయిలు మీద ఫినాయిలు. గిన్నె పోయి ఉంటే హార్డ్‌వేర్ కొట్టులో కొలత చెప్పి కొత్తది తెచ్చుకోవాలి, ఫినాయిలు దానికి బదులు కాదు.

పదిహేను రోజులకోసారి, పొడవు జుట్టున్నవాళ్లు ఇద్దరు ముగ్గురుంటే వారానికోసారి, చేతికి గ్లవ్స్ వేసుకుని జాలి, గిన్నె తీసి జుట్టును చెత్తబుట్టలో వేయాలి. టాయిలెట్‌లో వేస్తే రోగాన్ని పక్క గదికి మార్చినట్టే. గిన్నె గోడల పాచిని బ్రష్‌తో రుద్ది, తిరిగి పెట్టి, నిండు బకెట్ నీళ్లు ఒక్క ఊపున పోయాలి. వాష్‌బేసిన్‌లోనూ దోషి జుట్టే, గడ్డం తుంపులు కూడా. దీనికి రెండు వైపులా ముళ్లున్న పలచటి ప్లాస్టిక్ పట్టీ ఒకటి దొరుకుతుంది, అరమీటరు పొడవుంటుంది. నెట్టి, అర చుట్టు తిప్పి, లాగితే చాలు.

సీసాల్లో ఏముంది

వంట సోడా, వెనిగర్ చిట్కా వీడియోల్లో బాగా తిరుగుతోంది. నురగ చూస్తే ఏదో ఘనకార్యం జరుగుతున్నట్టే ఉంటుంది. సోడా క్షారం, వెనిగర్ ఆమ్లం, రెండూ కలిస్తే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. 5 శాతం వెనిగర్ 100 మిల్లీలీటర్లకు ఏడు గ్రాముల సోడా సరిపోతుంది, అంటే ఒకటిన్నర టీస్పూన్లు. బుసబుసలు ఆగాక మిగిలేది సోడియం అసిటేట్ అనే ఒక లవణం కలిసిన నీళ్లు. దానికి జిడ్డును వదిలించే శక్తి లేదు. పుట్టిన గ్యాసు కూడా తెరిచి ఉన్న పైవైపు నుంచే పోతుంది, అడ్డంకిని నెట్టదు. కొద్దిపాటి దుర్వాసనకు పనికొస్తుందేమో గానీ మూసుకున్న గొట్టానికి కాదు. బట్టల సోడా అలా కాదు, దాని క్షారత వంట సోడా కంటే చాలా ఎక్కువ. పేరులో సోడా ఉందని రెండూ ఒకటనుకోవద్దు.

బాత్‌రూమ్ యాసిడ్ అంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. గట్టినీళ్ల తెల్లమచ్చల్ని కరిగిస్తుంది. కొవ్వునూ, జుట్టునూ కరిగించదు. టైల్స్ మధ్య సిమెంటును, పాలరాయిని, స్టీలు జాలిని మాత్రం నిక్షేపంగా తినేస్తుంది.

తూము శుభ్రం చేసే పొడుల్లో ఎక్కువగా ఉండేది కాస్టిక్ సోడా. ఇది నిజంగానే కొవ్వును సబ్బుగా మారుస్తుంది, జుట్టును కరిగిస్తుంది. అందుకే చర్మాన్నీ, కంటినీ కూడా వదలదు. నీళ్లు తగలగానే విపరీతంగా వేడెక్కుతుంది. వాడక తప్పకపోతే గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకుని, నిలిచిన నీళ్లు తోడేసి, ప్యాకెట్ మీద రాసినంతే వేసి, చల్లటి నీళ్లే పోయాలి. వేడినీళ్లు పోస్తే ముఖం మీదికి చిమ్ముతుంది. నీళ్లు మరీ తక్కువైతే పొడి, జిడ్డు కలిసి వంపులో రాయిలా గడ్డకడుతుంది, అప్పుడు గొట్టం కోయాల్సిందే. పొడి వేశాక పనిచేయలేదని దాని మీద యాసిడ్ పోయడం అన్నిటికంటే పెద్ద పొరపాటు, ఆ రెండూ కలిస్తే సలసల ఉడికి పైకి ఎగజిమ్ముతాయి. యాసిడ్, బ్లీచింగ్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, తలుపు మూసిన చిన్న స్నానాలగదిలో అది ప్రాణాంతకం. ఏదైనా పోసిన తర్వాత ప్లంబర్‌ను పిలిస్తే ఏం పోశారో ముందే చెప్పండి. అతను చెయ్యి పెట్టేది అందులోనే.

అడ్డు ఎక్కడుందో పట్టుకోవడం

ఒక్క సింకులోనే నీళ్లు నిలిస్తే అడ్డు ఆ సింకు ట్రాప్‌లోనో, దాని సొంత గొట్టంలోనో ఉంది. సింకు నీళ్లు వదిలితే పక్కన వాషింగ్ మెషీన్ దగ్గర నేల తూములోంచి పైకి వస్తుంటే, రెండూ కలిసే గొట్టంలో ఉంది. పై అంతస్తువాళ్లు స్నానం చేస్తే కింది ఇంటి తూము పొంగుతోందంటే అది ఇంటి లోపలి గొడవ కాదు, నిలువు గొట్టానికి కిందో, ఇంటి గొట్టాలు వచ్చి కలిసే మూత గుంటలోనో (ఛాంబర్) చూడాలి. నీళ్లు దిగుతూ గుడగుడమంటే, అప్పుడప్పుడూ వాసన కూడా వస్తుంటే, మేడ మీదికి పోయే గాలి గొట్టం మూసుకుందేమో చూడాలి. దాని నోట్లో పిట్టలు గూళ్లు పెట్టడం మామూలే.

ఇంటి ఆవరణలోని ఛాంబర్ మూత తెరిస్తే సగం సందేహం తీరుతుంది. ఛాంబర్ నిండి ఉంటే అడ్డు అక్కడినుంచి వీధి వైపు. ఖాళీగా ఉంటే ఇంటికీ ఛాంబర్‌కీ మధ్య. ఈ మూతల్ని అందంగా ఉండదని టైల్స్ కింద పూడ్చేయడం కొత్త ఇళ్లలో ఫ్యాషనైంది. పూడ్చినవాళ్లకు అడ్డుపడిన రోజున అది ఎక్కడుందో తెలియదు.

ట్రాప్‌లో అడ్డు లేకపోతే ప్లంజర్. రబ్బరు గిన్నె మునిగేంత నీళ్లుండాలి, గాలి ఉంటే బలమంతా దాన్ని నొక్కడానికే పోతుంది. వాష్‌బేసిన్ పక్కనుండే పొంగు రంధ్రాన్ని తడిగుడ్డతో, రెండు తొట్ల సింకయితే రెండో తూమును బిరడాతో మూయాలి. పదిహేను ఇరవై సార్లు నొక్కి లాగాలి. నొక్కడం కంటే లాగడమే ఎక్కువ పనిచేస్తుంది, అడ్డును వచ్చిన దారినే వెనక్కి వదులు చేస్తుంది. కాస్టిక్ పోసిన తూములో ప్లంజర్ వాడొద్దు, చిమ్మితే కళ్లు పోతాయి. ప్లంజర్‌కు లొంగకపోతే స్ప్రింగ్ వైరు, మూడు నుంచి ఐదు మీటర్లది. బలంగా పొడవకుండా తిప్పుతూ లోపలికి పంపాలి, తగిలిన చోట ఇంకా తిప్పి మెల్లగా లాగాలి. మూడు నెలలకోసారి అదే చోట అడ్డుపడుతుంటే అది శుభ్రత లోపం కాదు, వాలు లోపం. నేలకింద పడుకున్న గొట్టానికి మీటరుకు సుమారు రెండు సెంటీమీటర్ల వాలుండాలి. మధ్యలో కుంగి పల్లం పడితే ఎన్నిసార్లు స్ప్రింగ్ వేసినా మడ్డి అక్కడే దిగుతుంది.

ఛాంబర్ దాటాక వీధి లైనులో ఇంటివాళ్లు స్వయంగా చేయాల్సింది లేదు. సెప్టిక్ ట్యాంకున్న ఇళ్లలో రెండు మూడేళ్లకోసారి పీల్చే లారీతో మడ్డి తీయించాలి, యాసిడ్లు, ఫినాయిళ్లు తెగ పోస్తే అందులో పనిచేసే సూక్ష్మజీవులు చస్తాయి. ట్యాంకులోకి గానీ మ్యాన్‌హోల్‌లోకి గానీ రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దించడాన్ని 2013 నాటి చట్టం నేరంగా చూస్తుంది. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. పని చెప్పిన ఇంటి యజమానికీ అది వర్తిస్తుంది. హైదరాబాద్‌లో వీధి లైను పొంగితే జలమండలి 155313కు ఫోన్ చేయాలి. వానల్లో డాబా నీళ్లను డ్రైనేజీలోకి కలిపేవాళ్ల వల్ల కూడా వీధులు పొంగుతాయి, కాబట్టి ఆ ఫిర్యాదు చేసేటప్పుడు తమ ఇంటి గొట్టం వైపు కూడా ఒకసారి చూసుకోవాలి.

మిగిలిన చిన్న తూములు

వాషింగ్ మెషీన్ నీళ్ల గొట్టం కొసకు పాత నైలాన్ సాక్సు గానీ, సన్న వల గానీ కట్టి రెండు వారాలకోసారి ఉతికితే నూగు అక్కడే ఆగుతుంది. ముందు తలుపు మెషీన్లకు కింద మూలన చిన్న మూత వెనక ఫిల్టర్ ఉంటుంది, నెలకోసారి తీసి కడగాలి, చిల్లర డబ్బులు కూడా దొరకొచ్చు. బాల్కనీలో ముగ్గును తూములోకి నీళ్లతో కొట్టేముందు చీపురుతో ఊడ్చి ఎత్తేయాలి. డాబా మీది తూముల్లో ఆకుల్ని జూన్ రాకముందే తీసేయాలి. కమోడ్‌లోకి ప్యాడ్లు, డైపర్లు, తడి తుడుపుగుడ్డలు వేయకూడదు, ప్యాకెట్ మీద ఏం రాసి ఉన్నా సరే.

వాడని అతిథుల స్నానాలగదిలో కంపు వస్తే అక్కడ మూసుకుపోయిందేమీ లేదు. ట్రాప్‌లో నీళ్లు ఎండిపోయాయంతే, వారానికో చెంబెడు పోస్తే పోతుంది. ఎండాకాలం సెలవులకు నెలరోజులు తాళం వేసి ఊరెళ్లేవాళ్లు బయల్దేరేముందు ప్రతి తూములో చెంబెడు నీళ్లు పోసి, పైన రెండు చెంచాల వంటనూనె వేయాలి. నూనె తెరలా తేలి కింది నీళ్లు ఆవిరి కాకుండా ఆపుతుంది. తూముల్లో నూనెకు పనికొచ్చే చోటు ఇదొక్కటే. తిరిగొచ్చాక ముందు ఒక బకెట్ వేడినీళ్లు పోసి ఆ నూనెను పంపేయాలి.